దోనెలు మాన్పించడం కాదు, మార్చుకుందాం



2021 మేలో సీలేరు రిజర్వాయర్‌లో రెండు నాటు పడవలు మునిగి వలస కూలీలు, పసిపిల్లలతో సహా పోయారు. అప్పట్నుంచి ఒకటే మాట, నాటు పడవ ఎక్కొద్దని. ఎక్కకపోతే వలెలా వేస్తాం, అవతలి గట్టుకెలా పోతాం?

దోనె బోలుగా ఉంటుంది, నీళ్లు నిండితే ఇంక మనిషిని మొయ్యలేదు. బయటి దేశాల్లో పైన కూర్చుని చేపలు పట్టే కయాక్‌లో గాలి లోపలే మూసేసి ఉంటుంది, అల పైకెక్కినా నీళ్లు జారిపోతాయి. అంత ఖర్చు మనకెందుకు? మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాను సుమారు 19 కిలోలు మోస్తుంది. పక్కకి రెండేసి కడితే 75 కిలోల పైనే, నలుగురు పట్టుకుని తేలొచ్చు. పైఅంచు దగ్గరే కట్టాలి, అడుగున కడితే తిరగబడుద్ది. మూత కింద సైకిల్ ట్యూబు ముక్క వెయ్యండి. థర్మాకోల్ మాత్రం వద్దంటాను, పొడై చేపల కడుపులోకే పోద్ది.

లైఫ్ జాకెట్ల కోసం ఐటీడీఏకి అర్జీ పెట్టడం ఆపొద్దు, అది వేరే లెక్క. సెలవులకి ఊరెళ్లేవాళ్లు ఒక్క దోనెకైనా కట్టి, గట్టు దగ్గరే నీళ్లు నింపి చూడండి.