పెంటమ్మ పేరులో తప్పేముంది?

ఆడపిల్ల పుడితే ‘మంచి అర్థమున్న పేరు’ వెతకడం ఇప్పుడు రివాజు. అర్థమంటే నిఘంటువులో ఉండేదేననీ, అదీ సంస్కృతమైతేనే గౌరవమనీ నమ్మకం. ఆ లెక్కన పెంటమ్మ, పుల్లమ్మ మోటు పేర్లయ్యాయి. ఆ లెక్కే తప్పు. పేరుకు అర్థం దాన్ని పెట్టిన కారణంలో ఉంటుంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో మళ్లీ ఒక పిల్ల పుడితే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి ఎత్తుకుని పెంటమ్మ అన్నారు. ఎంగిలి విస్తళ్లలో పొర్లించి పుల్లమ్మ అన్నారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనిపిస్తే మృత్యువు కూడా పక్కకు తప్పుకుంటుందని ఆశ. మగపిల్లలకూ ఇందుకే పెంటయ్య, పుల్లయ్య అని పెట్టారు. పైకి తిట్టులా వినిపించే ఆ పేరు నిజానికి దీర్ఘాయుష్షు కోరిన దీవెన.

ఇవి చదువులేని పేదల పేర్లు కదా అంటారు. సామంత ప్రభువు గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక 1276లో బూత్‌పూర్‌లో శాసనం వేయించింది. కూతురి పేరును ‘కుప్ప’తో మొదలుపెట్టడానికి ఆ సామంతుల ఇల్లు వెనకాడలేదు. రామాయణం రాసిన మొల్లది అచ్చంగా ఒక పువ్వు పేరు. ఏ అష్టోత్తరంలోనూ వెతకకుండా పెట్టిన పేరు ఆమె కవిత్వానికి అడ్డురాలేదు.

ఆ పేర్లతోనే కింది కులాల ఆడవాళ్లను అవమానించారు కదా అన్న ఆక్షేపణ బరువైనది. అవమానం జరిగిన మాట నిజం. కానీ ఎల్లమ్మను ‘ఎల్లీ’ అని, పుల్లమ్మను ‘పుల్లీ’ అని పిలిచిన దొరతనం చేసింది పేరులోని ‘అమ్మ’ను కోసేయడం. ఆ నేరం పిలిచిన నోటిది, పేరుది కాదు. అలాగని పాత పేర్లన్నిటినీ వెనకేసుకురానక్కర్లేదు. మహారాష్ట్రలోని సాతారాలో 2011లో ‘నకుశా’, అంటే ‘అక్కర్లేనిది’ అన్న పేరున్న 285 మంది బాలికలకు కొత్త పేర్లు పెట్టారు. అది న్యాయమే. పెంటమ్మను అక్కర్లేనిదన్నది మృత్యువును ఏమార్చడానికి. నకుశాను అలా అన్నది ఆడపిల్ల నిజంగానే వద్దనుకుని. మాటలు దగ్గరివే, కారణాలు ఎదురెదురు. నిఘంటువు ఈ తేడాను పట్టుకోలేదు.

పసిబిడ్డల చావులు తగ్గాక పెంటమ్మ అని పెట్టే అవసరం తీరింది. ఈ కాలపు పిల్లలకు ఈ కాలపు పేర్లే ఉండనివ్వండి. కానీ నానమ్మ పేరు చెప్పడానికి నామోషీ పడేవాళ్లు ఆ పేరు ఎందుకు పెట్టారో ముందు కనుక్కోవాలి. చెవికి ఇంపుగా ఉందని ఎంచుకున్న పేరు కన్నా, బిడ్డ బతకాలని మొక్కుకుని పెట్టిన పేరుకే అర్థమెక్కువ.