సంపాదకుని మాట: పోలియో నిఘా

భారత ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1997లో జాతీయ పోలియో నిఘా ప్రాజెక్టును మొదలుపెట్టాయి. పల్స్ పోలియో చుక్కలు 1995 నుంచే వేస్తున్నారు. వైరస్ ఇంకా ఎక్కడ తిరుగుతోందో చెప్పే యంత్రాంగమే అప్పటికి బలహీనం. ప్రాజెక్టు వైద్యాధికారులు జిల్లా ఆరోగ్య సిబ్బందికి తోడుగా నిలిచి ఆ పని నేర్పారు. 15 ఏళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా కాలో చెయ్యో హఠాత్తుగా చచ్చుబడితే, అది పోలియో అనిపించినా అనిపించకపోయినా కబురు అందాలి. చచ్చుబడిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల ఎడంతో రెండు మల నమూనాలు తీసి, చల్లదనం చెడకుండా ల్యాబుకు చేర్చాలి.

పోలియో కాని ఇలాంటి కేసులు కూడా లక్ష మంది పిల్లలకు ఏటా ఒకటైనా నమోదు కావాలన్నది అంతర్జాతీయ కొలమానం. అందుకే సున్నా చూపిన జిల్లాకు మెప్పు దక్కదు, నిఘా సరిగా ఉందా అన్న ప్రశ్న ఎదురవుతుంది. కాగితం మీద అంతా బాగుందని రాసి పంపే ఆఫీసు అలవాటుకు ఇది గట్టి విరుగుడే. ఇళ్లవాళ్ల అనుమానాలు తీర్చడంలో యూనిసెఫ్, నిధులూ సేవకులూ సమకూర్చడంలో రోటరీ చెయ్యి కలిపాయి.

దేశంలో చివరి వైల్డ్ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అదే యంత్రాంగం తర్వాత తట్టు, రుబెల్లా నిఘాకూ అక్కరకొచ్చింది.