యుద్ధానికి పెట్రోలు బంకు కొలత

ఎక్కడ యుద్ధం మొదలైనా బెజవాడలో మొట్టమొదట వినిపించే ప్రశ్న ఒకటే: "పెట్రోలు ఎంత పెరుగుతుంది?" ఎంతమంది చనిపోయారన్నది ఆ తరువాతి మాట. ఇలా అడిగేవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. వన్‌టౌన్ నుంచి బెంజి సర్కిల్ దాకా రోజంతా ఆటో తిప్పేవాడికి, గిలకలదిండిలో మరపడవకు డీజిలు పోయించేవాడికి, కాలువ నీరందని శివారు పొలానికి ఇంజనుతో నీళ్లు తోడే కౌలురైతుకు లీటరు ధరను బట్టే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అయితే ఆ ధరతోనే యుద్ధాన్ని కొలిస్తే లెక్క ఎక్కడికి పోతుందో పాఠకులు ఆలోచించాలి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. 20 డాలర్ల దరిదాపుల్లో ఉన్న బారెల్ చమురు అక్టోబరు నాటికి 40 దాటింది. మన దేశంలో పెట్రోలుపై 25 శాతం 'గల్ఫ్ సర్‌చార్జి' పడింది. కువైట్‌లో చిక్కుకున్న దాదాపు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు గనుక కొన్నాళ్లు ఆ యుద్ధం మనదే అనిపించింది.

1991 జనవరి 17న బాగ్దాద్‌పై బాంబుల వర్షం మొదలైంది. ఆ ఒక్కరోజే చమురు ధర సుమారు మూడోవంతు పడిపోయింది! యుద్ధం త్వరగా ముగుస్తుందనీ, సౌదీ బావులకు ముప్పు లేదనీ వ్యాపారులు నమ్మారు. అమెరికా తన నిల్వల్లోంచి చమురు వదిలింది. బంకు లెక్కన అది శుభదినమే. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అమీరియా ఆశ్రయ కేంద్రంపై రెండు బాంబులు పడి 400 మందికి పైగా పౌరులు మరణించారు. స్త్రీలు, పిల్లలే ఎక్కువ. వారి లెక్క ఏ ధరల పట్టికకూ ఎక్కలేదు.

మనవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. బాగ్దాద్ కోసం దుఆకు చేతులెత్తినవారిలో చాలామంది, 2022లో ఉక్రెయిన్ దగ్గరికి వచ్చేసరికి పొద్దుతిరుగుడు నూనె గురించే మాట్లాడారు. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక వైద్య విద్యార్థి ఒకరు దాడిలో మరణిస్తే ఆ ముచ్చట కొద్దిరోజులు నడిచింది, నూనె ముచ్చట నెలల తరబడి నడిచింది. జనాజా ఎవరిదో తెలుసుకుని గానీ దుఃఖించని అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో!

ఇక ఆ ఏడాది ధరల కథ చూడండి. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనా, ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా మన బంకుల్లో ధర కదలలేదు. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల 14 సార్లు పెరిగి లీటరుపై 10 రూపాయలు పడ్డాయి. విజయవాడలో పెట్రోలు 120 రూపాయలు దాటింది. అందులో కేంద్ర సుంకం ఉంది. రాష్ట్ర వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి ఉన్నాయి. ఈ లెక్క ప్రభుత్వాలను నిలదీసి అడగవలసింది. "యుద్ధం వల్లే" అన్న ఒక్క మాటతో అడిగేవారు లేకపోయారు.

మే 20న మారియుపోల్ ఉక్కు కర్మాగారంలో చివరి సైనికులు లొంగిపోయారు. వేలమంది పౌరులు ఆ నగరంలో అప్పటికే మట్టిలో కలిశారు. మరునాడు కేంద్రం పెట్రోలుపై 8, డీజిలుపై 6 రూపాయల సుంకం తగ్గించింది. ఈ రెండు వార్తల్లో మన టీకొట్ల దగ్గర ఏది చర్చకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.