పారవేయునది పానీయమునకు

తిరువూరు పరిసరములందు, విశేషించి ఎ.కొండూరు తండాలలో, బోరునీటి దోషమును గూర్చియు మూత్రపిండవ్యాధులను గూర్చియు ఏండ్ల తరబడి వినవచ్చుచున్న ఆర్తనాదమునకు కృష్ణాజలములను గొట్టముల ద్వారా ఇంటింటికి చేర్చుటయే ప్రధాన పరిహారమనుట నిర్వివాదము. ఐనను, మన వంటిండ్ల చెత్తకుప్పలలో వృథాయగుచున్న శక్తిని ఉపేక్షించుట అవివేకమని నా దృఢవిశ్వాసము. ముదిరి కూరకు పనికిరాని మునగకాయను చీల్చి, ఎండిన గింజల తెల్లపప్పును మెత్తగా నూరి బురదనీటిలో కలిపినచో, అందలి ధనావేశముగల మాంసకృత్తులు ఋణావేశముగల మట్టిరేణువులను గుంపుగట్టించి అడుగునకు దించును. ఆ నీరు కంటికి నిర్మలమే గాని, బోరునీట కరగియుండు ఫ్లోరైడు ఆ పప్పువలన తొలగదు; మరిగించినను పోదు. దానిని పట్టియుంచునది, తిని పారవేసిన ఎముకలను గాలి చొరని బట్టీలో కాల్చి చేసిన బొగ్గు. ఫ్లోరైడు మితిమీరుటచే కలుగు ఫ్లోరోసిస్ వ్యాధి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో బయల్పడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. ఇంతటి జ్ఞానము కరతలామలకమై యుండగా, కృష్ణమ్మ రాక ఆలస్యమైన ప్రతి పల్లెలోను, నీటిని పరీక్షించు ఏర్పాటుతోడను, శక్తి ఉడిగిన బొగ్గును వేళకు మార్చు బాధ్యతతోడను, పాఠశాలకొక వడపోత యంత్రమును నెలకొల్పుట పాలకులకు తక్షణకర్తవ్యము.