ఈసినోఫీలియా వ్యాధి పేరు కాదు

"నాకు ఇస్నోఫీలియా ఉందండీ" అని చెప్పుకునేవారు మన తెలుగునాట వీధికొకరు కనబడతారు. తుమ్ములకూ, ఆగని దగ్గుకూ, ఒంటి దురదకూ ఆ ఒక్క పేరుతోనే సరిపెట్టుకుంటున్నాం. ఈ అలవాటు నేర్పింది రోగులు కాదు, మా వైద్యులమే.

ఈసినోఫిల్ ఒక రకమైన తెల్ల రక్తకణం. ఇయోసిన్ అనే ఎర్రరంగును పీల్చుకుంటుంది కనుక ఆ పేరు; 1879లో పాల్ ఎర్లిక్ వర్ణించాడు. ఈ కణాల సంఖ్య పెరగడం జ్వరం వంటి సూచన మాత్రమే. కారణం వేరే ఉంటుంది, దానిని వెతకాలి.

రిపోర్టులో శాతాన్ని కాదు, అసలు సంఖ్యను చూడండి. తెల్లకణాలు 6000 ఉన్నప్పుడు 7 శాతమంటే 420, భయపడనక్కరలేదు. 20,000 ఉన్నప్పుడు 10 శాతమంటే 2000. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువే. 1500 పైన నిలిచిపోతే మాత్రం చర్మం దగ్గరే ఆగకుండా తక్కిన అవయవాలను కూడా పరీక్షించాలి. ఈ కణాలలోని విషపూరిత ప్రోటీన్లు మన కణజాలంలోనే ఒలికితే చర్మంపై దురద, దద్దుర్లు వస్తాయి. గుండె లోపొర దెబ్బతిని రక్తం గడ్డలు కట్టవచ్చు. దురద రోగికి తెలుస్తుంది, గుండె సంగతి తెలియదు. అందుకే ఆయాసం లేకపోయినా ఎకో తీయించాలంటాను. అది అనవసరపు ఖర్చని వాదించేవారితో నేను ఏకీభవించను.

నడివయసులో మొదలైన ఉబ్బసం, ముక్కులో కండలు, ఆపై పాదాలలో తిమ్మిరి, కాళ్ళపై ఊదా మచ్చలు: ఇవన్నీ ఒకే వ్యాధి కావచ్చునని 1951లో చర్గ్, స్ట్రాస్ చూపించారు. మన రోగి మాత్రం ఇప్పటికీ ముగ్గురు నిపుణుల గదుల ముందు విడివిడిగా కూర్చుంటున్నాడు! మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్, లేదా గౌట్‌కు అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలలో జ్వరం, ముఖం వాపు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తే ఆ మందుల చీటీతో అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కాలేయం దెబ్బతినవచ్చు.

నా అసలు తగవు స్టెరాయిడ్ బిళ్ళలతో. అవి ఈసినోఫిల్ సంఖ్యను గంటలలోనే దించుతాయి; రిపోర్టు బాగుపడుతుంది, కారణం మరుగునపడుతుంది. ఫైలేరియా వల్ల వచ్చే రాత్రి దగ్గుకు అసలు మందు డైఇథైల్ కార్బమజైన్. మరింత ప్రమాదకరమైనది స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు. చెప్పులు లేని పాదాల గుండా మట్టి నుంచి ఒంట్లోకి చేరి దశాబ్దాలు దాగి ఉంటుంది. స్టెరాయిడ్ పడితే దేహమంతా వ్యాపించి ప్రాణం తీయగలదు. పొలంలో పనిచేసేవారికి ముందుగా ఈ పురుగు సంగతి తేల్చడమో, ఐవర్‌మెక్టిన్ ఇవ్వడమో చేయాలి. గుండెకు ముప్పు వచ్చినప్పుడు స్టెరాయిడ్ ఆలస్యం చేయరాదు, అది వేరే మాట. ఇప్పటికే వాడుతున్నవారు ఇది చదివి తమంతట తాము ఆపవద్దు.

వైద్యుని దగ్గరకు పాత రిపోర్టులన్నీ, నాటుమందులతో సహా వాడిన మందులన్నిటి పేర్లూ తీసుకువెళ్ళండి. స్టెరాయిడ్ మొదలుకాకముందు తీసిన రిపోర్టు ఉంటే దానినే అన్నిటికంటే పైన పెట్టండి.