మూట పెట్టుకొనుటకు చోటు

క్రిస్‌మసు దగ్గఱపడగానే పట్టణములోని సంఘములవారికి కంబళ్ళు జ్ఞప్తికి వచ్చును. యువజన సమాజములవారు, స్త్రీల సమాజములవారు చందాలు పోగుచేసి, రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట బండ్లపై బయలుదేఱి, కాలిబాటలపై పరుండినవారికి కంబళ్ళు కప్పుచు తిరుగుట హైదరాబాదు సికింద్రాబాదులలో వాడుక యైనది. మంచి వాడుకయే. గడచిన డిసెంబరులో మా యుపాధ్యాయులలో కొందఱమును, పై తరగతుల విద్యార్థులును అట్లే వెళ్ళితిమి. వెళ్ళివచ్చినది మొదలు మా మనస్సులలో మెదలుచున్న సంగతులను చదువరుల ముందుంచుచున్నాము. వీనిలో కొన్ని మావారికే రుచింపకపోవచ్చును.

ఉస్మానియా ఆసుపత్రి గోడవెంబడి, అఫ్జల్‌గంజు వైపున, ఒక వృద్ధుని యొద్ద ఆగితిమి. అతనికి కంబళి యీయబోగా పుచ్చుకొనక, "సార్, మొన్నొకరిచ్చిండ్రు, నిన్నొకరిచ్చిండ్రు. పొద్దుగాల లేస్తే ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలె?" అనెను. పగలతడు బేగంబజారులో తోపుడుబండి త్రోయును. బండి త్రోయుచు కంబళ్ళు మోయజాలడు. గోడప్రక్కన విడిచిపోయినచో ఊడ్చువారు చెత్తబండిలో వేయుదురు, లేదా మఱియొకడు కొనిపోవును. అందుచేత రెండు వచ్చిన దినమున నొకటి దొరకిన ధరకు అమ్మివేయును. ఇది విని మాలో నొక విద్యార్థి, "మన మిచ్చినదానిని అమ్ముకొనుచున్నారే, వీరికి కృతజ్ఞత లేదు" అని సణిగెను. ఆ మాట మాకును తొలుత న్యాయముగనే తోచినదని యొప్పుకొనుచున్నాము. తాళము వేసికొనుటకు తలుపే లేనివాడు ఆస్తి నెట్లు నిలుపుకొనును? ఇంటికి వచ్చి, మంచముక్రింద పెట్టెలు చూచుకొన్న తరువాతగాని ఈ ప్రశ్న మాకు తట్టలేదు.

కాలిబాటపై పరుండువా రందఱును బిచ్చగాండ్రని తలంచుట మనలో ననేకులకు గల భ్రమ. ఆ రాత్రి మేము చూచినవారిలో ఇండ్లు కట్టు కూలీలు కలరు. పెండ్లివిందులలో వడ్డనచేసి అర్ధరాత్రి తిరిగివచ్చినవారు కలరు. రోగిని లోపల చేర్చి, బయట దినములు లెక్కపెట్టుకొనుచున్న పల్లెటూరివారు కలరు. కొడుకులు వెడలగొట్టిన తల్లులును, మతి చలించినవారును కలరు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇండ్లులేనివారిని లెక్కించిరి. దేశమునందు 17 లక్షల 70 వేలకు పైబడి తేలిరి. అందులో 9 లక్షల 38 వేలమంది పట్టణములవారే. అది ఒక్క రాత్రి తిరిగి చేసిన లెక్క. వంతెనక్రింద నక్కినవారు, పోలీసు భయమున తొలగినవారు దానిలో ఎందఱు చేరిరో ఊహించుకొనవలసినదే. సుప్రీంకోర్టువారు 2010లో పెద్ద నగరములందు లక్షమందికి ఒక్కటి చొప్పున, రాత్రింబగళ్ళు తెఱచియుండు వసతిగృహము లుండవలెనని యుత్తరువు చేసిరి. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకములో మనిషికి 50 చదరపు అడుగుల తావు చూపవలెనని నియమించిరి. ఉత్తరువున్నది, నియమమున్నది, ఆసుపత్రి గోడవెంబడి మనుష్యులును ఉన్నారు.

ఈ సేవకు క్రైస్తవలోకములో పూర్వమార్గము లేకపోలేదు. విలియం బూత్ అను బోధకుడు 1865లో తూర్పు లండను బీదలలో పని మొదలుపెట్టెను. అదియే 1878లో రక్షణసైన్య మను పేరు దాల్చెను. 1888లో లైమ్‌హౌసు పేటలో ఆహారమును, రాత్రివసతియు నిచ్చు గృహమును తెఱచిరి. 1890లో ఆయన ప్రకటించిన గ్రంథములో బండిగుఱ్ఱపు దృష్టాంతము ప్రసిద్ధము. వీథిలో గుఱ్ఱము కూలినచో ముందు లేవనెత్తుదురు. తప్పెవరిదని తరువాత విచారింతురు. దానికి రాత్రి సాలయు, కడుపునకు మేతయు, చేయుటకు పనియు గలవు. మనుష్యునికి ఆపాటి యైనను దొరకవలదా యని ఆయన వాదము. ఆయన గృహములలో పడకలు శవపేటికలవలె నుండెనని పరిహసించినవారు కలరు. పరిహాసము నిజమే కావచ్చును, కాని వానకు తడియని పెట్టె అది.

ఆ సైన్యమే 1882లో బొంబాయిలో దిగినది. సివిలు సర్వీసు నుద్యోగము విడిచిన ఫ్రెడరిక్ టక్కర్ కాషాయము కట్టి, ఫకీరు సింగని పేరు పెట్టుకొని, పాదచారియై తిరిగెను. మన తెలుగుదేశములో 1914 ప్రాంతమున బాపట్ల చెంత స్టూవర్టుపురము వీరి యాజమాన్యమునకు వచ్చెను. ఇచ్చట మేము మెచ్చుకోలు ఆపవలసియున్నది. నేరస్థజాతులను శాసనము చాటున అచ్చటివారు అనుమతిలేక కదలరాని బందీలైరి. వారికి బడియు, పనియు చూపినవారే వారిని హాజరు పట్టీతో కాయవలసివచ్చెను. ఆ శాసనము 1952లో రద్దయినను, ఊరి పేరునకు అంటిన మచ్చ తొలగుటకు ఎన్నియో యేండ్లు పట్టినది. మేలు చేయువాని చేతిలో తాళపుచెవి యున్నప్పుడు ఎంత జాగ్రత్త కావలెనో ఈ యూరు మనకు తెలుపుచున్నది.

ఆ రాత్రి కథకు తిరిగి వత్తము. మాకు కొంచెము దూరములో మఱియొక సమాజమువారు అన్నపు పొట్లములు పంచుచుండిరి. ముందు పాట, పిదప పావుగంట ప్రసంగము, అటుపై ప్రార్థన. పొట్లములు బండిలోనే చల్లారుచుండెను. వరుసలోనివారు అడిగినప్పుడెల్ల "ఆమేన్" అనుచుండిరి. మేమును సువార్తను నమ్మినవారమే. దానిని చెప్పుటకు సిగ్గుపడువారము కాము. అయినను అన్నమునకు వెలగా వినిపించిన మాటను ఆకలిగొన్నవాడు విన్నాడనుకొనుట మనలను మనము మోసగించుకొనుట యని మా యభిప్రాయము. ముందు తినిపింపుడు, తరువాత ఆగువాడు ఆగును, పోవువాడు పోవును. ఆగినవానితో చెప్పిన మాటయే మాట. ఇంక ఫోటోల సంగతి. మావారిలోనే యొకడు సెల్‌ఫోను వెలుగు వేయగా, ఒక స్త్రీ మేమిచ్చిన కంబళితోనే ముఖము కప్పుకొనెను. అది చూచి మాకు తల యెత్తుటకు మనసు రాలేదు.

కంబళ్ళు మానవలెనని మేము చెప్పుటలేదు. చలి పది డిగ్రీలకు దిగిన రాత్రి కంబళి కంబళియే. కాని మన సంఘములకు కంబళ్ళకంటె మిక్కుటముగ గలది స్థలము. నగరము నడిబొడ్డున విశాలమైన ఆవరణలు, వరండాలు, నీటికుళాయిలు, మరుగుదొడ్లు, వివాహవిందుల కొఱకు కట్టిన హాళ్ళు, ఇవన్నియు ఆదివారము మధ్యాహ్నము తాళము పడి, బుధవారపు ప్రార్థనవఱకు నిద్రించును. లండనులోని సెయింట్ మార్టిన్ దేవాలయమునకు 1914లో గురువుగా వచ్చిన డిక్ షెప్పర్డ్, యుద్ధమునకు పోవు సైనికులకొఱకు రాత్రులందు తలుపులు తెఱపించెను. తరువాత ఇల్లులేనివారును అచ్చట చేరిరి. ఆ దేవాలయమువారి తోడ్పాటుతో ఆ సేవ నేటికిని జరుగుచున్నది.

పండుకొననిచ్చుటకు వెంటనే ధైర్యము చాలనిచో, స్నానమునకు కుళాయియు, మరుగుదొడ్డియు, సంఖ్యలు వేసిన తాళపు పెట్టెలు గల యొక చిన్న గదియు ఇత్తము. ఆ పెట్టెలో కంబళి, పనిముట్లు, ఆసుపత్రి చీటి, గుర్తింపు కాగితములు భద్రముగ నుండును. వానకు నానిన యొక్క చీటివలన తిరిగి ఎన్ని వరుసలలో నిలువవలెనో వారి నడిగినచో తెలియును.

ఆక్షేపణలు కలవు. మా ప్రధానోపాధ్యాయులవారు రెండు చెప్పిరి: పిల్లలున్న ఆవరణలోనికి ఎఱుగనివారిని రానిచ్చుట ఎట్లు? తాగి వచ్చినవానిని ఆపువా రెవరు? మొదటిది మేమంగీకరించుచున్నాము, బడి గేటు దీనికి తగినది కాదు. వీథి కావలనున్న దేవాలయపు హాలునకు వేఱు ద్వారము గలదు. దానినే మేము కోరుచున్నాము. రెండవదానికి మాయొద్ద పూర్తి జవాబు లేదు. ఒక జీతగాడు, వంతులవారీగ ఇద్దఱు పెద్దలు, స్త్రీలకు వేఱు గది, ఇంతవఱకు ఆలోచించితిమి. కంబళ్ళకై వసూలైన చందాలో సగము దీనికి త్రిప్పినచో మొదటి యేడు గడచును. పాత విద్యార్థులలో వడ్రంగము, ఇనుపపని తెలిసినవారున్నారు గనుక పెట్టెల కూలి మిగులును.

సంఘపు పెద్దల కమిటీ ఈ వేసవిలో కూడనున్నది. మా విన్నపము వ్రాసి యిచ్చితిమి.

ఆ వృద్ధుడు ఆ రాత్రి కంబళి తీసికొనకయే, తన గోనెమూటను చూపి, "దీన్ని పొద్దటి దాన్క మీ గుడిల పెట్టుకోనిస్తరా?" అని యడిగెను. తాళపుచెవి కావలివానియొద్ద నున్నదనియు, అడిగి చెప్పెదమనియు అంటిమి. ఇంకను చెప్పలేదు.