నొప్పి గురించి అడగడం కూడా క్యాన్సర్ చికిత్సే

సంపాదకునికి,

రొమ్ము క్యాన్సర్‌పై ఏటా అక్టోబరు నెలలో పత్రికల్లో వచ్చే వ్యాసాలు గడ్డను తొలిదశలోనే గుర్తించవలసిన అవసరాన్ని, మామోగ్రామ్ పరీక్షను, కొత్తగా వచ్చిన మందులను వివరించి, చికిత్స పూర్తిచేసుకున్న స్త్రీ కోలుకుని ఇంటికి చేరిందన్న మాటతో ముగుస్తుంటాయి. ఆపరేషన్ గాయం మానిపోయి, కీమోథెరపీ, రేడియేషన్ ముగిసి, వ్యాధి జాడ లేదని స్కానింగ్‌లో తేలిన తర్వాత కూడా ఆ స్త్రీలలో చాలామంది నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతున్నారన్న సంగతికి ఆ వ్యాసాలలోనూ, ఆసుపత్రి చెకప్‌లలోనూ దక్కుతున్న చోటు చాలా తక్కువ. చెకప్‌కు వచ్చిన ప్రతిసారీ నొప్పి గురించి విధిగా అడిగి, జవాబును కేసు షీటులో రాసి, అవసరమైనవారికి వైద్యం చేయడం క్యాన్సర్ చికిత్సలో భాగం కావాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

ఈ బాధ ఎంతమందిదో తెలుసుకోవడానికి డెన్మార్క్‌లో దేశవ్యాప్తంగా జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒక్కటి చాలు. 2005, 2006 సంవత్సరాలలో ఆపరేషన్ జరిగిన స్త్రీలను రెండు మూడేళ్ల తర్వాత ప్రశ్నించగా, బదులిచ్చిన 3,253 మందిలో 47 శాతం మంది నొప్పి ఉందన్నారు; వారిలో సగానికి పైగా ఆ నొప్పిని ఓ మోస్తరు లేదా తీవ్రమైన నొప్పిగా వర్ణించారు. అంతకంటే ఆలోచించవలసిన విషయం ఏమిటంటే, నొప్పి ఉన్నవారిలో గడచిన మూడు నెలల్లో దాని కోసం డాక్టరును కలిసినవారు 20 శాతమే. వైద్య ఖర్చును ప్రభుత్వమే భరించే దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, రానుపోను బస్సు చార్జీలు, పోయే కూలి లెక్కవేసుకుని పట్నం ఆసుపత్రికి రావలసిన స్త్రీ తనంతట తాను నొప్పి సంగతి చెబుతుందని ఎదురుచూడటం న్యాయం కాదు.

ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. దీనికి ప్రధాన కారణం చాలామంది అనుకునే కుట్ల గాయం కాదు, నరం. పక్కటెముకల మధ్య నుంచి బయలుదేరి, చంక గుండా సాగి, జబ్బ లోపలివైపు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం ఒకటి ఉంటుంది. దానిని ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరం అంటారు. చంకలోని లింఫ్ గ్రంథులను, అనగా వ్యాధి కణాలు రొమ్ము నుంచి మొదట చేరే బిళ్లలను, తొలగించేటప్పుడు ఈ నరం తెగవచ్చు, సాగవచ్చు, లేదా మానుతున్న కణజాలంలో చిక్కుకోవచ్చు. అటువంటప్పుడు ఒకే చోట చర్మం మొద్దుబారి ఉంటూనే మంటగా, సూదులతో గుచ్చినట్టుగా, కరెంటు షాకు కొట్టినట్టుగా నొప్పి పుడుతుంది. జాకెట్టు అంచు తగిలినా భరించలేనంత బాధ కలిగేవారూ ఉంటారు. కొందరికి తొలగించిన రొమ్ము ఇంకా ఉన్నట్టు, అందులోనే పోటు పెడుతున్నట్టు అనిపిస్తుంది. ఇది మెదడులోని స్పర్శపటం ఇంకా మారకపోవడం వల్ల కలిగేదే తప్ప మతిభ్రమ కాదని ఇంట్లోవారికి చెప్పవలసిన బాధ్యత ఆసుపత్రిదే. రేడియేషన్ వల్ల ఛాతీ కండరాలు బిగుసుకోవడం, చెయ్యి వాచి బరువెక్కడం ఈ బాధకు తోడవుతాయి.

ఆపరేషన్‌తో సంబంధం లేని నొప్పులూ ఉన్నాయి. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులు చేతివేళ్ల, కాలివేళ్ల చివరి నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు, మంటలు మిగిల్చిపోతాయి. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే స్త్రీకి వేళ్ల పట్టు తప్పడమంటే రోజు కూలి పోవడమే. ముట్లుడిగిన స్త్రీలకు హార్మోన్ల వల్ల పెరిగే క్యాన్సర్ మళ్లీ రాకుండా సాధారణంగా ఐదేళ్లు, కొన్నిసార్లు అంతకు మించి ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రల వల్ల కీళ్లు బిగుసుకుని నొప్పి పెట్టడం చాలా సాధారణం. ఈ నొప్పి తట్టుకోలేక మాత్రలు ఎవరికీ చెప్పకుండా మానేసేవారు ఉంటారు, అప్పుడు తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి సంగతి ప్రాణం నిలబెట్టిన తర్వాత చూసుకోవచ్చని వాదించేవారు గమనించవలసింది ఇక్కడే: ప్రాణం నిలబెట్టే మాత్ర మింగగలగడం నొప్పిని అదుపు చేయడం మీద ఆధారపడి ఉంది.

డెన్మార్క్ అధ్యయనంలో చిన్న వయసువారికి, చంకలోని గ్రంథులను ఎక్కువగా తొలగించినవారికి నొప్పి ముప్పు అధికమని తేలింది. భారతదేశంలో పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే ఈ వ్యాధి కనిపించడం, ముదిరిన దశలో బయటపడటం వల్ల విస్తృతమైన ఆపరేషన్లు తప్పనిసరి కావడం మామూలే కనుక, ఇక్కడి స్త్రీలకు ఆ రెండు ముప్పులూ ఒకేసారి ఎదురవుతున్నాయి. దానికితోడు నాట్లు వేయడం, పత్తి ఏరడం, బిందె ఎత్తడం, దండెం మీద బట్టలు ఆరేయడం వంటివన్నీ భుజం పైకెత్తో, చెయ్యి చాచో చేయవలసిన పనులే. నొప్పి ఉందంటే జబ్బు తిరగబెట్టిందంటారేమోనన్న భయం, ఇప్పటికే ఇల్లంతా అప్పుల పాలయిందన్న బాధ, రొమ్ము మాట నలుగురిలో ఎత్తడానికి బిడియం కలిసి వారి నోరు కట్టేస్తాయి. తిరగబెట్టిన జబ్బుకు కూడా నొప్పి లక్షణం కావచ్చు కనుక, కొత్తగా మొదలైన నొప్పిని ముందుగా పరీక్షించి ఆ అనుమానం నివృత్తి చేయడం అవసరం. నివృత్తి అయిన తర్వాత మాత్రం ఏమీ లేదని పంపించివేయకూడదు.

ఈ నొప్పికి వైద్యం ఉంది. నరాల నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు. మెడికల్ షాపులో కొని నెలల తరబడి డైక్లోఫెనాక్ మింగితే కడుపుకు, మూత్రపిండాలకు హాని జరుగుతుంది. నరాల నొప్పికి వేరే మందులు ఉన్నాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ అనే మాత్ర పనితీరుకు అడ్డుపడగలవు కనుక వాటిని డాక్టరే ఎంచి ఇవ్వాలి. మందులకంటే ముందు వ్యాయామం రావాలి. బ్రిటన్‌లో 392 మంది స్త్రీలపై జరిపి 2021లో ప్రచురించిన ప్రాస్పర్ అనే పరిశోధనలో, ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లోనే ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో భుజం, చేతి వ్యాయామాలు మొదలుపెట్టినవారికి ఏడాది తర్వాత చేతి పనితనం మెరుగ్గా ఉన్నట్టు వెల్లడైంది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ క్యాన్సర్ చికిత్స తర్వాత మిగిలే దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం ఇచ్చింది కూడా.

వందలమంది బారులు తీరే ఓపీలో దీనికి సమయం ఎక్కడిదన్న ప్రశ్న సహేతుకమైనదే, కానీ సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత ఉందో అడిగి రాసుకోవడం బీపీ చూసే నర్సు చేయగలిగిన పని, దానికి పట్టేది ఒక్క నిమిషం. నాలుగు దాటిన అంకె చెప్పినవారిని మాత్రం డాక్టరు, ఫిజియోథెరపిస్టు చూస్తే చాలు. ఆపరేషన్‌కు ముందే ఈ నొప్పి రావచ్చని చెప్పడం, చేయవలసిన వ్యాయామాలను బొమ్మలతో తెలుగులో అచ్చువేసి డిశ్చార్జి కాగితంతో పాటు ఇవ్వడం, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి దాకా రాలేనివారికి ఆ వ్యాయామాలు జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలోనే చేయించడం రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు సాధ్యమయ్యే పనులు. వచ్చే అక్టోబరు వ్యాసాలలో గడ్డను గుర్తించే పద్ధతి పక్కనే ఈ వ్యాయామాల బొమ్మలు కూడా ప్రచురించవలసిందిగా పత్రికకు విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కరీంనగర్